లోహ ఐసోటోపుల కొలతకు ఖనిజ ప్రమాణ పదార్థాన్ని తయారు చేసుకోవడం ఎలా

ఇనుము, రాగి, జింకు వంటి లోహాల ఐసోటోపుల (ఒకే మూలకంలో ద్రవ్యరాశి వేరైన పరమాణువుల) నిష్పత్తులను కొలిచే ప్రయోగశాలకు రెండు రకాల ప్రమాణాలు కావాలి. మొదటిది స్కేలుకు సున్నా ఎక్కడో చెప్పే శుద్ధ లోహం లేదా దాని ద్రావణం. ఇనుముకు ఐఆర్‌ఎంఎం-014, రాగికి ఎన్‌ఐఎస్‌టీ ఎస్‌ఆర్‌ఎం 976, జింకుకు జేఎంసీ-లియాన్ అలాంటివి. రెండవది అసలు నమూనా లాగే నూరడం, ఆమ్లంలో కరగడం, రెజిన్ కాలమ్ (కావలసిన లోహాన్ని మిగిలినవాటి నుంచి వేరుచేసే, రెజిన్ నింపిన గొట్టం) దాటడం వంటి దశలన్నిటినీ దాటి వచ్చి, చివరికి ముందే తెలిసిన అంకెను చూపవలసిన ఖనిజం. మొదటిదాన్ని, లేదా అది అయిపోతే దానితో పోల్చి కొలిచిన ప్రత్యామ్నాయాన్ని, కొనుక్కుంటే సరిపోతుంది. మన ఖనిజానికి సరిగ్గా సరిపోయే రెండవది మాత్రం చాలాసార్లు బజారులో దొరకదు కాబట్టి దాన్ని ప్రయోగశాలే తయారు చేసుకోవలసి వస్తుంది. ఈ వ్యాసం ఆ తయారీ గురించే. ఉదాహరణగా మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడ్ ఖనిజాన్ని, అందులోని ఇనుమును తీసుకుంటున్నాను. రాగి ఖనిజమైన చాల్కోపైరైట్‌కూ జింకు ఖనిజమైన స్ఫాలరైట్‌కూ పద్ధతి ఇదే, ఆమ్లాలూ జాగ్రత్తలూ కొంత మారతాయి.

హైదరాబాదులో ఈ పనికి కావలసిన వాతావరణం ఉంది. హబ్సిగూడలో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్, ఈసీఐఎల్ ప్రాంతంలో భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన పదార్థ సంఘటన విశ్లేషణ కేంద్రం, విశ్వవిద్యాలయాల భూశాస్త్ర విభాగాలు అన్నీ ఒక్క నగరంలోనే ఉన్నాయి. ఈసీఐఎల్ దగ్గరి కేంద్రం బాక్సైట్‌కూ, అరుదైన మృత్తికల కోసం ఫెర్రోకార్బోనటైట్‌కూ (ఇనుము ఎక్కువగా గల కార్బొనేట్ శిలకూ) ధ్రువీకృత ప్రమాణ పదార్థాలను రూపొందించింది. అయితే ఆ ధ్రువపత్రాలు మూలకం ఎంత శాతం ఉందో చెబుతాయి. ఐసోటోపుల నిష్పత్తికి ధ్రువపత్రం ఇవ్వడం వేరే పని. శాతంలో కనిపించని తేడా ఐసోటోపులో కనిపిస్తుంది.

ఆ తేడా ఎంత చిన్నదో ముందు గ్రహించాలి. ప్రకృతిలోని ఇనుములో సుమారు 91.75 శాతం 56 ద్రవ్యరాశి గల ఐసోటోపు, 5.85 శాతం 54 గలది, 2.12 శాతం 57 గలది, 0.28 శాతం 58 గలది ఉంటాయి. నమూనాలో 56కూ 54కూ ఉన్న నిష్పత్తిని ఐఆర్‌ఎంఎం-014లోని అదే నిష్పత్తితో భాగించి, అందులోంచి 1 తీసివేసి, వెయ్యితో గుణిస్తే వచ్చేది డెల్టా 56. దీన్ని పర్ మిల్‌లో, అంటే వెయ్యింట ఇన్ని వంతులని చెబుతాం. అగ్నిశిలల మధ్య తేడా సాధారణంగా పర్ మిల్‌లో కొన్ని పదో వంతులే. ప్రయోగశాలలందరి చేతిలో ఉండే బీహెచ్‌వీఓ-2, బీసీఆర్-2 బసాల్ట్ పొడులు రెండూ ప్లస్ 0.1 దగ్గరే ఉంటాయి. ప్రాచీన అవక్షేపాలలోని పైరైట్ మాత్రం మైనస్ 3 దాటి కూడా పోతుంది. మంచి మాస్ స్పెక్ట్రోమీటర్‌పై (అయాన్లను ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి కొలిచే పరికరంపై) 0.05 పర్ మిల్ తేడాను నమ్మకంగా పట్టగలిగిన ఈ రోజుల్లో, ప్రమాణ పదార్థం తనంతట తానే 0.05 ఊగితే దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

ఎంత తూకానికి అన్నదే తొలి ప్రశ్న

చాలామంది ఈ పనిని రాయి వెతకడంతో మొదలుపెడతారు. నేనూ మొదట అలాగే మొదలుపెట్టాను, అది తప్పు. ఈ ప్రమాణాన్ని వాడేవారు ఒక్కసారికి ఎంత తూకం తీసుకుంటారన్నదే మొట్టమొదట తేల్చుకోవాలి. సీసా మీద రాసిన అంకె ఆ తూకానికీ, అంతకు మించినదానికీ మాత్రమే నిజమవుతుంది.

లెక్క చేసి చూద్దాం. పొడిని 75 మైక్రాన్ల జల్లెడ పట్టామనుకుందాం. మాగ్నటైట్ సాంద్రత సుమారు 5.2. కనుక 75 మైక్రాన్ల వ్యాసం గల గుండ్రటి రేణువు ఒక్కొక్కటి దాదాపు 1.15 మైక్రోగ్రాములు తూగుతుంది. పది మిల్లీగ్రాముల పొడిలో అలాంటివి ఎనిమిది వేల ఏడు వందల దాకా, ఒక్క మిల్లీగ్రాములో ఎనిమిది వందల డెబ్బై దాకా ఉంటాయి. రేణువుకూ రేణువుకూ మధ్య 0.5 పర్ మిల్ విచలనం ఉందనుకుంటే, ఒక మిల్లీగ్రాము తీసుకున్నవారికి కేవలం రేణువుల ఎంపిక వల్లే 0.017 పర్ మిల్ అనిశ్చితి వస్తుంది. పది మిల్లీగ్రాములు తీసుకున్నవారికి అది 0.005కు పడిపోతుంది. ఇక ఖనిజాన్ని కరిగించకుండా, లేజరుతో చిన్న గుంట తవ్వి వచ్చినదాన్ని నేరుగా కొలిచే పద్ధతి సంగతి చూడండి. ముప్పై మైక్రాన్ల వెడల్పు, ఇరవై మైక్రాన్ల లోతు గల గుంట నుంచి వచ్చే మాగ్నటైట్ సుమారు 70 నానోగ్రాములు, అంటే పది మిల్లీగ్రాములలో లక్షో వంతుకన్నా తక్కువ. ఆ 0.5 పర్ మిల్ విచలనం అక్కడ పూర్తిగా బయటపడుతుంది.

కనుక ద్రావణం కోసం చేసిన పొడి ఎంత ఏకరూపంగా ఉన్నా, అదే ఖనిజపు రేణువు లేజరు కింద ప్రమాణంగా పనికివస్తుందని భావించకూడదు. పొడికి వేరుగా, లేజరు కోసం స్ఫటికాలకు వేరుగా పరీక్ష జరగాలి, రెండు వేరు అంకెలు, రెండు వేరు అనిశ్చితులు ప్రకటించాలి. లేజరు రంగంలో అందరూ తలచుకునే ఆదర్శం 91500 అనే జిర్కాన్. కెనడాలోని ఆంటేరియో రాష్ట్రం, రెన్‌ఫ్రూ ప్రాంతం నుంచి వచ్చిన 238 గ్రాముల ఒకే స్ఫటికం అది, వయస్సు సుమారు 106.5 కోట్ల సంవత్సరాలు. 1995లో ప్రచురితమైన అధ్యయనం తర్వాత యురేనియం-సీసం వయస్సులకూ హాఫ్నియం ఐసోటోపులకూ లోకమంతా దాన్ని వాడింది. అలాంటి స్ఫటికం ప్రతి లోహానికీ దొరకదు.

రాయిని ఎంచుకోవడం

తెలంగాణలో ఇనుప ఖనిజానికి కొదవ లేదు. బయ్యారం పేరు అందరికీ తెలిసినదే. కరీంనగర్ వైపు మాగ్నటైట్ క్వార్ట్‌జైట్ పట్టీలూ ఉన్నాయి. మన ఊరి రాయి అన్న అభిమానం సహజమే గానీ, పట్టీలు పట్టీలుగా ఏర్పడిన ఇనుప శిలలో ఒక పట్టీకీ పక్క పట్టీకీ డెల్టా 56 మారిపోవడం మామూలు. అలాంటి శిలను ఎంచుకుంటే పొడి ప్రమాణం చేయడానికి పనికివస్తుంది, లేజరు ప్రమాణానికి పనికిరాదు. నెమ్మదిగా చల్లారిన అగ్నిశిలలోని పెద్ద స్ఫటికాలు, లేదా సెంటీమీటరు పరిమాణంలో ఒకే స్ఫటికం దొరికితే, అది ఎక్కడి నుంచి వచ్చిందైనా మేలు.

దొరికిన ముక్కను నమ్మేముందు పాలిష్ చేసిన అంచును పరావర్తన కాంతి సూక్ష్మదర్శినిలో చూడాలి. మాగ్నటైట్ అంచుల వెంట, దాని స్ఫటిక తలాల వెంట హెమటైట్‌గా మారుతుంటుంది, దీన్ని భూశాస్త్రజ్ఞులు మార్టైట్ అంటారు. సూక్ష్మదర్శినిలో అది లేత తెల్లటి గీతలుగా తెలిసిపోతుంది. ఇల్మనైట్ సన్నని పలకలుగా విడిపడి ఉండడం కూడా సాధారణమే. ఈ రెండింటిలోనూ ఇనుము ఉంది, రెండింటి ఐసోటోపు విలువా మాగ్నటైట్‌తో కలవకపోవచ్చు. తర్వాత ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో, ఎక్స్-రే వివర్తనంతో ధ్రువీకరించుకోవాలి. ఈ దశలో రాయిని తిరస్కరించడానికి వెనుకాడకూడదు. నాలుగు రాళ్లు పరీక్షించి మూడింటిని పక్కన పెట్టడం వృథా అనిపిస్తుంది గానీ, సీసాల్లో నింపిన తర్వాత తిరస్కరించడం అంతకన్నా చాలా ఖరీదు.

నూరడం

పెద్ద ముక్కలను శుభ్రమైన పాలిథీన్ సంచిలో చుట్టి పగలగొట్టి, చిన్న ముక్కలను చేతి అయస్కాంతంతో, ఆ తర్వాత విద్యుదయస్కాంత వేర్పాటు యంత్రంతో వేరు చేసి, బైనాక్యులర్ సూక్ష్మదర్శిని కింద పట్టకారుతో ఏరాలి. బరువైన ద్రవాలు వాడవలసి వస్తే బ్రోమోఫారం కన్నా సోడియం పాలీటంగ్‌స్టేట్ వాడడం ఊపిరితిత్తులకు మంచిది.

నూరే పాత్ర ఎంపికపై ప్రయోగశాలల్లో ఎప్పుడూ వాదన జరుగుతుంది. ఉక్కు పాత్ర ఇనుమును కలుపుతుంది, టంగ్‌స్టన్ కార్బైడ్ టంగ్‌స్టన్‌నూ కోబాల్ట్‌నూ కలుపుతుంది, అగేట్ సిలికాను తప్ప మరేమీ పెద్దగా కలపదు గానీ నెమ్మదిగా నూరుతుంది. ఉక్కు అంటే భయపడేవారు లెక్క వేసుకోవాలి. మాగ్నటైట్‌లో 72 శాతం ఇనుమే. పొడి తూకంలో వెయ్యింట ఒక వంతు ఉక్కు కలిసినా, ఉక్కు విలువ ఖనిజం విలువకు పూర్తి 1 పర్ మిల్ దూరంగా ఉన్నా, డెల్టా 56 కదిలేది 0.0014 మాత్రమే. దాన్ని ఏ పరికరమూ చూడలేదు. అదే వెయ్యింట ఒక వంతు ఉక్కు మన హైదరాబాదు గ్రానైట్ లాంటి, రెండు శాతం ఇనుము గల శిలలో కలిస్తే మార్పు దాదాపు 0.05 పర్ మిల్ అవుతుంది, అది ప్రమాణాన్ని పాడు చేయడానికి చాలు. కనుక పాత్ర చెడ్డదా మంచిదా అన్నది విడిగా చెప్పలేం, ఏ లోహం కోసం, ఏ ఖనిజం కోసం అన్నదాన్ని బట్టి చెప్పాలి.

నా అనుభవంలో చెడింది ఇనుము కాదు, జింకు. పొడిని సమంగా పంచడానికి ఊళ్లోని ఒక వర్క్‌షాపులో రేకుతో పంపిణీ పెట్టె చేయించుకున్నాం. అది జింకు పూత పూసిన రేకు అని అప్పట్లో ఎవరికీ తట్టలేదు. ఇనుము అంకెలు చక్కగా వచ్చాయి. అదే సీసాలను జింకు ఐసోటోపులకూ వాడదామని కొలిస్తే మొదట నింపిన సీసాల్లో జింకు ఎక్కువగా, ఆఖరి సీసాల్లో తక్కువగా కనిపించింది. రెండు వందల సీసాలు ఇనుముకే పరిమితమైపోయాయి. జింకు కోసం పనిచేసేవారు లేటెక్స్ చేతి తొడుగులను కూడా అనుమానించాలి, వాటి తయారీలో జింకు ఆక్సైడ్ వాడతారు.

కలపడం, పంచడం

చేటలో గింజలను చెరిగితే బరువైనవి ఒక చివరకూ పొట్టు మరొక చివరకూ చేరతాయి. సీసాలో పొడి కూడా అదే చేస్తుంది. ఆటో డిక్కీలో పది కిలోమీటర్లు ప్రయాణించిన సీసాలో పై పొడీ అడుగు పొడీ ఒకటి కావు. కనుక నూరిన పొడి అంతటినీ 75 మైక్రాన్ల జల్లెడ దాటించి, దాటనిదాన్ని పారవేయకుండా మళ్లీ నూరి కలిపి, పాలిథీన్ డబ్బాలో తలకిందులు చేస్తూ చాలా గంటలు తిప్పాలి. మిగిలిపోయినదాన్ని పారవేస్తే గట్టిగా ఉన్న ఖనిజాన్ని ఏరి పారవేసినట్లే. ఆ తర్వాత గుండ్రంగా తిరిగే పంపిణీ యంత్రంతో ఐదేసి గ్రాముల సీసాలలోకి పంచి, నింపిన వరుసలో ప్రతి సీసాకూ సంఖ్య వేయాలి. జింకు కథలో తప్పు ఎక్కడుందో తెలిసింది ఆ సంఖ్యల వల్లే. వాడే ముందు సీసాను నెమ్మదిగా దొర్లించి తెరవాలన్న సూచన లేబులు మీదే ఉండాలి.

ఏకరూపతను అంకెతో చూపడం

ఇక్కడే అసలు పని ఉంది. ప్రమాణ పదార్థాల తయారీదారులకు ఉన్న ఐఎస్ఓ 17034 నియమావళి ప్రకారం పనిచేసేవారు ఐఎస్ఓ గైడ్ 35 లోని, 2024 నుంచి దాని స్థానంలో వచ్చిన ఐఎస్ఓ 33405 లోని పద్ధతిని అనుసరిస్తారు. మొత్తం సీసాల నుంచి వరుసలో అంతటా చెదిరి ఉండేలా కనీసం పది తీసుకుని, ఒక్కొక్కదాని నుంచి రెండు మూడు సార్లు విడివిడిగా తూచి, విడివిడిగా కరిగించి, కాలమ్ దాటించి కొలవాలి. ఒకే ద్రావణాన్ని మూడుసార్లు కొలిచి మూడు అంకెలు రాసుకుంటే అది సీసా ఏకరూపతకు రుజువు కాదు, పరికరం ఏకరూపతకు మాత్రమే రుజువు. కొలిచే వరుసను కూడా కలగాపులగం చేయాలి. లేకపోతే మధ్యాహ్నం పరికరం జారిన జారుడు, ఆఖరి సీసాలలో ఉన్న తేడాగా కనిపిస్తుంది.

వచ్చిన అంకెలపై విస్తృతి విశ్లేషణ (మొత్తం తేడాలో సీసాల మధ్యది ఎంతో, సీసాల లోపలిది ఎంతో విడదీసే లెక్క) చేయాలి. ఊహాత్మక ఉదాహరణగా పది సీసాలు, సీసాకు మూడేసి కొలతలు తీసుకుందాం. సీసాల మధ్య వర్గసగటు (తేడాల వర్గాల సగటు) 0.0015, సీసాల లోపలి వర్గసగటు 0.0009 వచ్చిందనుకుందాం. రెండింటి భేదాన్ని మూడుతో భాగిస్తే 0.0002, దాని వర్గమూలం 0.014 పర్ మిల్. సీసాల మధ్య తేడా వల్ల కలిగే అనిశ్చితి అదే. కొన్నిసార్లు లోపలి వర్గసగటు పెద్దదై ఈ భేదం రుణాత్మకంగా వస్తుంది, అప్పుడు తేడా సున్నా అని రాసేయడం చాలామంది చేసే పొరపాటు. ఆ కొలత కింద దాగి ఉండగల తేడాకు ఒక కనీస హద్దు ఉంది. లోపలి వర్గసగటును మూడుతో భాగించి వర్గమూలం తీసి, రెండును స్వేచ్ఛాంకాల (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం) సంఖ్యతో భాగించిన దాని నాలుగవ మూలంతో గుణిస్తే ఆ హద్దు వస్తుంది. మన ఉదాహరణలో స్వేచ్ఛాంకాలు ఇరవై, హద్దు 0.0097. లెక్కించిన 0.014 దానికన్నా పెద్దది కనుక 0.014నే తీసుకుంటాం. చిన్నదై ఉంటే 0.0097నే ప్రకటించాలి.

లోహం మారినా, ఖనిజం మారినా ఈ పరీక్ష దాటవేయకూడదు. మెగ్నీషియం విషయంలో అందరూ వాడిన ఎస్‌ఆర్‌ఎం 980 అనే లోహ ప్రమాణమే ముక్కకూ ముక్కకూ మారుతోందని 2003లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. అది ఎవరో అశ్రద్ధగా చేసిన ప్రమాణం కాదు, అది వచ్చినప్పుడు ఆ తేడాను చూడగల పరికరాలు లేవు, అంతే. ఇప్పుడు మెగ్నీషియం స్కేలుకు డీఎస్ఎం-3 అనే ద్రావణం సున్నాగా ఉంది. ద్రావణానికి ముక్కలు ఉండవు.

కరిగించడం, కొలవడం

మాగ్నటైట్‌ను వేడి గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కరిగిస్తుంది. సిలికేట్ మలినాలుంటే హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్ ఆమ్లాలు తప్పవు, ఆ పని చేసే బల్ల దగ్గర, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఒంటికి తగిలితే రాసుకునే కాల్షియం గ్లూకొనేట్ జెల్ చేతికి అందేటంత దూరంలో ఉండాలి. తర్వాత 6 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఇనుము క్లోరైడ్ సంక్లిష్టంగా మారి ఆనయాన్ (రుణ అయాన్) మార్పిడి రెజిన్‌కు అంటుకుంటుంది, మిగిలినవి కొట్టుకుపోతాయి, పలుచని ఆమ్లంతో ఇనుమును దించుకోవచ్చు. ఇక్కడ ఒకే ఒక్క నియమాన్ని గుర్తుపెట్టుకోవాలి. కాలమ్ మీద ఇనుము ఐసోటోపులు విడిపోతూ దిగుతాయి, రాగి అంతకన్నా స్పష్టంగా విడిపోతుంది. కనుక వంద శాతం తిరిగి రాకపోతే వచ్చినదాని విలువ తప్పు. ప్రతి కొత్త రెజిన్ బ్యాచ్‌కూ తెలిసిన మోతాదు వేసి, దిగినదంతా తిరిగి కొలిచి, ఈ లెక్క సరిచూసుకోవాలి.

పరికరంలో ఇనుముకు ప్రధాన శత్రువు, నమూనాను అయాన్లుగా మార్చే ఆర్గాన్ ప్లాస్మాయే. ఆర్గాన్, నైట్రోజన్ కలిసి 54 వద్ద, ఆర్గాన్, ఆక్సిజన్ కలిసి 56 వద్ద, దానికి హైడ్రోజన్ తోడై 57 వద్ద కూర్చుంటాయి. విభేదన శక్తిని (దగ్గరి ద్రవ్యరాశులను విడదీసే సామర్థ్యాన్ని) పెంచి, సంకేత శిఖరంలో ఆ అయాన్లు కలవని పక్క భాగంలో కొలవాలి. క్రోమియం 54ను క్రోమియం 53 ద్వారా సరిదిద్దాలి. నమూనాకు ముందూ వెనుకా ప్రమాణాన్ని కొలిచే పద్ధతిలో రెండు ద్రావణాల గాఢత పది శాతంలోపు, ఆమ్ల మోలారిటీ కచ్చితంగా ఒకటిగా ఉండాలి. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో గది చల్లదనం యంత్రాలు మధ్యాహ్నం అలసిపోతాయి, వాటితో పాటు మాస్ బయాస్ (పరికరం బరువైన, తేలికైన ఐసోటోపులను సమంగా చూడకపోవడం) కదులుతుంది. ధ్రువీకరణ కొలతలను వీలైతే రాత్రి పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఫలితం శుద్ధమైనదో కాదో చెప్పే చవకైన పరీక్ష ఒకటుంది. డెల్టా 57ను డెల్టా 56తో భాగిస్తే సుమారు 1.48 రావాలి. రాకపోతే ఏదో అయాన్ దారిలో అడ్డుపడిందని అర్థం.

ఇతరుల చేత కొలిపించడం

ఒకే ప్రయోగశాల ఎన్ని వందల సార్లు కొలిచినా అది తన పక్షపాతాన్నే వందల సార్లు నిర్ధారించుకున్నట్లు అవుతుంది. 1951లో అమెరికా భూగర్భ సర్వే ప్రచురించిన జీ-1 గ్రానైట్, డబ్ల్యూ-1 డయాబేస్ పోలిక అనేక ప్రయోగశాలల ఫలితాలు ఎంత దూరంగా ఉండగలవో చూపి, శిలా ప్రమాణాల ఉద్యమానికి బాట వేసింది. ఆ పాఠం ఐసోటోపులకూ వర్తిస్తుంది. కనీసం మూడు నాలుగు చోట్లకు, వీలైతే వేర్వేరు పద్ధతులు వాడేవారికి, ఉదాహరణకు ఒకచోట డబుల్ స్పైక్ (నిష్పత్తి తెలిసిన రెండు ఐసోటోపుల మిశ్రమాన్ని నమూనాకు కలిపి కొలవడం), మరొకచోట ముందూ వెనుకా ప్రమాణం పద్ధతి వాడేవారికి, సీసాలు పంపాలి. వారికి మన అంకె చెప్పకూడదు. ఏ తూకం తీసుకోవాలో మాత్రం చెప్పాలి. తేలిన విలువ అనిశ్చితి 0.010 అనుకుంటే, పైన వచ్చిన 0.014తో వర్గాలు కలిపి వర్గమూలం తీయగా 0.017, రెండుతో గుణించి విస్తరించిన అనిశ్చితి 0.035 పర్ మిల్. నిల్వలో వచ్చే మార్పుకు ఇంకొక అనిశ్చితిని కూడా కలపాలి.

ఏ సున్నాకు సంబంధించిన విలువో సీసా మీద తప్పక ఉండాలి. రాగి ఎస్‌ఆర్‌ఎం 976 నిల్వ అయిపోయాక ఈఆర్‌ఎం-ఏఈ633ను, ఏఈ647ను ప్రత్యామ్నాయంగా వాడుతున్నారు. మొదటిది 976తో దాదాపు ఏకీభవిస్తుంది, రెండవది దానికి 0.21 పర్ మిల్ పైన ఉంటుంది. ఈ భేదం తెలియకుండా ఇద్దరు ఫలితాలు పోల్చుకుంటే 0.21 పర్ మిల్ పరిశోధన ఫలితంలా కనిపిస్తుంది. జింకులో జేఎంసీ-లియాన్‌కు ఏఏ-ఈటీహెచ్‌కూ మధ్య ఇలాంటిదే 0.28 పర్ మిల్ తేడా ఉంది.

నిల్వ

మాగ్నటైట్ ఓపికగల ఖనిజం, గాలి చొరని గాజు సీసాలో, సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో ఏళ్ల తరబడి ఉంటుంది. పైరైట్, చాల్కోపైరైట్ పొడులు జూన్ నుంచి సెప్టెంబరు వరకు గాలిలోని తేమతో సల్ఫేట్‌గా మారతాయి కనుక వాటిని ఆర్గాన్ నింపి సీలు చేయాలి. లిథియం ప్రమాణమైన ఎల్-ఎస్‌వీఈసీ కథ ఇక్కడ ఉపయోగపడుతుంది. లిథియం కార్బొనేట్ అయిన ఆ పదార్థాన్ని కార్బన్ ఐసోటోపులకూ రెండవ ప్రమాణంగా 2006లో స్వీకరించారు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడును గ్రహిస్తూ కార్బన్ విలువను మార్చుకుంటోందని తర్వాత తేలి, ఆ పాత్ర నుంచి తప్పించారు. లిథియానికి మాత్రం అది నేటికీ సున్నాగానే ఉంది. ఒక లోహానికి స్థిరమైనది మరొక మూలకానికి కూడా స్థిరమనుకోవడానికి వీలు లేదు. కనుక రెండు సీసాలను తెరవకుండా దాచి, ప్రతి ఏడాది వర్షాకాలం ముగిశాక వాడుకలో ఉన్న సీసాను వాటితో పోల్చి చూడాలి. నిల్వ ఐదో వంతుకు తగ్గినప్పుడు, అయిపోయేదాకా ఆగకుండా, తర్వాతి ప్రమాణాన్ని పాతదానితో పక్కపక్కనే కొలిచి, రెండింటి మధ్య తేడాను పాత సీసా లేబులు మీదే రాసి పెట్టాలి.